ఒకే నిరసన ఒకచోట ఉద్యమం, ఇంకోచోట అల్లర్లు ఎలా అవుతుంది?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ఒకసారి చెబుతాను. "అమెరికాలో జాతి వివక్ష మీద జరిగే నిరసనను ఒక చానల్ ఉద్యమం అంటుంది, మరో చానల్ అల్లర్లు అంటుంది. అక్కడే ఉంటున్న మా అన్నయ్యేమో తన వీధిలో అసలేమీ లేదంటున్నాడు. మీడియా కావాలనే ఇలా చేస్తుందా? ఇందులో నిజం ఎలా పట్టుకోవాలి?" ఇదీ మీరు అడిగింది. సెమినార్ పేపర్ కోసం అన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

నేను ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో 18 ఏళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం అంతర్జాతీయ పేజీ చూశాను. ఫెర్గూసన్, బాల్టిమోర్, మినియాపొలిస్, కెనోషా లాంటి అమెరికా ఊళ్లలో జరిగిన నిరసనల మీద ఏజెన్సీ కాపీ, అంటే వార్తాసంస్థలు పంపే వార్త, నా చేతి మీదుగానే పేజీలోకి వెళ్లింది. వాటికి హెడ్డింగులు పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని.

సూటిగా జవాబు చెప్పాలంటే, చాలాసార్లు కావాలని అబద్ధం రాయరు. ఒక్కో వాక్యం విడిగా తీసి చూస్తే నిజమే ఉంటుంది. తేడా అంతా కథను ఏ క్షణం నుంచి మొదలుపెట్టారన్న దాంట్లో ఉంటుంది. రాయి విసిరిన క్షణం నుంచి మొదలుపెడితే అది శాంతిభద్రతల వార్త. అంతకు మూడు రోజుల ముందు ఒక మనిషి మెడ మీద మోకాలు పెట్టిన క్షణం నుంచి మొదలుపెడితే అది పోలీసుల మీద వార్త. ఇంకా వెనక్కి, ఆ ఊళ్లో జరిమానాలు ఎవరి దగ్గర వసూలు చేస్తున్నారు అన్న దగ్గర మొదలుపెడితే అది పాలన మీద వార్త. ఏ పదం వాడారు, ఏ ఫొటో పెట్టారు, ఎవరి మాట ముందు వచ్చింది అన్నవన్నీ ఆ మొదటి నిర్ణయం వెనకాలే నడుస్తాయి.

మొదలు ఎక్కడ పెట్టాలో విలేకరి ఒక్కడే నిర్ణయించడు. ఎక్కువసార్లు ముందుగా ఎవరి కాగితం చేతికి అందిందో వాళ్లే నిర్ణయిస్తారు. ఆ కాగితం దాదాపు ఎప్పుడూ పోలీసులదే.

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి పోలీసు మోకాలి కింద చనిపోయాక అక్కడి పోలీసు శాఖ విడుదల చేసిన మొదటి ప్రకటన చదవండి. దాని శీర్షికకు తెలుగు చెప్పుకోవాలంటే, పోలీసులు ఎదురైన సమయంలో అనారోగ్య సంఘటన, ఆ తర్వాత వ్యక్తి మృతి. లోపల ఏముంది? అనుమానితుడు కారు దిగాక ప్రతిఘటించాడు, బేడీలు వేశారు, అతను అస్వస్థతతో ఉన్నట్టు గమనించారు, అంబులెన్స్ పిలిచారు. మోకాలు లేదు. మెడ లేదు. 9 నిమిషాల 29 సెకన్లు లేవు. అందులో చాలా వాక్యాలు సాంకేతికంగా తప్పు కావు కూడా. అసలు విషయం ఒక్కటే లేదు.

అక్కడ నిలబడి ఫోన్‌లో వీడియో తీసిన 17 ఏళ్ల అమ్మాయి డార్నెల్లా ఫ్రేజియర్ లేకపోతే, మర్నాడు ఆ ఊరి పత్రికలో అది లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్త అయ్యేది. నా డెస్క్ దాకా వచ్చేదే కాదు. 2021లో అమెరికాలో జర్నలిజం పురస్కారాలిచ్చే పులిట్జర్ బోర్డు ఆమెకు ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. ఆ సంగతి చదివినప్పుడు, జర్నలిజంలో మేం నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఒక స్కూలు అమ్మాయి నేర్పిందని నాకు గట్టిగా అనిపించింది.

ఇది అమెరికాకే పరిమితం కాదు. 2011 ఆగస్టు 4న లండన్ టోటెన్‌హామ్‌లో మార్క్ డగ్గన్‌ను పోలీసులు కాల్చి చంపారు. ఇరువైపులా కాల్పులు జరిగినట్టు మొదటి వార్తలు వచ్చాయి. డగ్గన్ కాల్చలేదు. పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర కమిషనే, తాము విలేకరులను పొరపాటున తప్పుదారి పట్టించి ఉండవచ్చని తర్వాత ఒప్పుకుంది. అప్పటికి ఇంగ్లండ్‌లో చాలా నగరాలు తగలబడి చల్లారాయి.

ఇక నా సొంత అనుభవం. 2014 ఆగస్టు 9న మిస్సోరీ రాష్ట్రం ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల నల్లజాతి యువకుణ్ని పోలీసు అధికారి కాల్చి చంపాడు. ఆ తర్వాత రోజుల తరబడి నిరసనలు జరిగాయి. మేం వరసగా వార్తలు వేశాం, ఫొటోలతో, కొన్ని రోజులు మొదటి పేజీలో కూడా. దహనాలు, టియర్ గ్యాస్, కర్ఫ్యూ, నేషనల్ గార్డ్ అనే రిజర్వు సైనిక దళం. కోపం ఎందుకన్నది చివరి పేరాలో ఒక లైను, అదీ స్థలం మిగిలితే.

2015 మార్చి 4న అమెరికా న్యాయశాఖ ఒకేరోజు రెండు నివేదికలు ఇచ్చింది. మొదటిది కాల్పుల మీద. చేతులు పైకెత్తి లొంగిపోతుంటే కాల్చాడన్న సాక్ష్యాలు నిలబడలేదని, ఆ అధికారి మీద కేసు పెట్టడానికి ఆధారాలు చాలవని తేల్చింది. రెండోది ఫెర్గూసన్ పోలీసు శాఖ మీద. ఊళ్లో నల్లజాతివారు 67 శాతం. వాహనాలు ఆపిన ఘటనల్లో 85 శాతం, చలాన్లలో 90 శాతం, అరెస్టుల్లో 93 శాతం వాళ్లవే. పట్టణ ఖజానా నింపుకోవడానికి జరిమానాలను ఆదాయ మార్గంగా వాడుకున్నారని, చిన్న చలానా కట్టలేనివాడి మీద జరిమానా మీద జరిమానా పడి చివరికి వారంటు దాకా పోయేదని నివేదిక వివరంగా రాసింది.

అంటే ఆగస్టులో వీధిలోకి వచ్చిన జనం ఒక్క కాల్పుల కోసమే రాలేదు. ఏళ్ల తరబడి జేబులోంచి పోయిన డబ్బు, కోర్టు గుమ్మం ముందు పోయిన రోజులు, అన్నీ కలిపి వచ్చారు. నేను ఆ నివేదికను ఆ రాత్రి సింగిల్ కాలమ్‌లో ముగించాను. మంటలకు అంత చోటిచ్చి, మంటలకు కారణానికి ఐదు అంగుళాలు ఇచ్చాను. ఆ రోజు పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మొదటి నివేదికను ఎందుకు చెప్పానంటే, ఇందులో రెండు పక్షాలకూ నచ్చని సంగతులున్నాయి. నిరసనకారుల నినాదంలోని ఒక వివరం నిలబడలేదు. కానీ వాళ్ల ఫిర్యాదు నిలబడింది. ఈ రెండూ ఒకే వార్తలో రాయగలిగినవాడే మంచి విలేకరి. ఒకటి రాసి రెండోది దాచినచోట మీరు ఆగి ఆలోచించాలి.

ఇప్పుడు భాష సంగతి. మీ పేపర్‌కు ఇదే బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఇంగ్లిష్ మీడియా మీద బోలెడు పరిశోధన ఉంది కానీ మన తెలుగు వాక్యంలో ఇది ఎలా జరుగుతుందో రాసినవాళ్లు తక్కువ.

అమెరికా పోలీసు శాఖలు "ఆఫీసర్ ఇన్వాల్వ్‌డ్ షూటింగ్" అని ఒక మాట వాడతాయి. పోలీసు కాల్చాడా, పోలీసునే కాల్చారా, అతను పక్కన నిలబడ్డాడా అన్నది ఆ మాటలో తెలియదు. ఇలాంటి మసక మాటలు వద్దు, ఏం జరిగిందో సూటిగా రాయండి అని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన స్టైల్‌బుక్‌లో, అంటే రాత నియమాల పుస్తకంలో, చెబుతుంది. మన భాషలో ఆ మసకను క్రియలు మోసుకొస్తాయి. చనిపోయాడు, మృతి చెందాడు, ప్రాణాలు కోల్పోయాడు, బలయ్యాడు, హతమయ్యాడు, చంపేశారు. ఆరు మాటలకూ శవం ఒకటే. మొదటి మూడింటిలో చంపినవాడు లేడు. "హతం" అంటే మన పత్రికల్లో ఎక్కువగా ఉగ్రవాదికి, మావోయిస్టుకు వాడే మాట, కాబట్టి ఆ మాట పడగానే చనిపోయినవాడు నేరస్థుడన్న వాసన వచ్చేస్తుంది. చివరి మాటలోనే కర్త ఎవరన్న ప్రశ్న పుడుతుంది.

"లాఠీఛార్జి చేశారు" అన్నదానికీ "లాఠీఛార్జి చేయాల్సి వచ్చింది" అన్నదానికీ మధ్య ఉన్నది వ్యాకరణం తేడా మాత్రమే కాదు, తీర్పు. రెండో వాక్యం పోలీసుల తరఫున వాదించేసింది. ఆ "చేయాల్సి వచ్చింది" చాలాసార్లు పోలీసు ప్రెస్‌నోట్‌లోంచి మన కాపీలోకి అలాగే దిగుతుంది. డెస్క్‌లో ఎవరూ దురుద్దేశంతో పెట్టరు, డెడ్‌లైన్‌కు పది నిమిషాలుంటే ఎవరూ తీసెయ్యరు కూడా.

ఇంకొకటి చూడండి. పోలీసులు తెలిపారు, వెల్లడించారు, స్పష్టం చేశారు. నిరసనకారులు ఆరోపించారు, వాపోయారు, మండిపడ్డారు. ఒకరి నోట్లోంచి సమాచారం వస్తుంది, మరొకరి నోట్లోంచి ఆవేశం వస్తుంది. నేను డెస్క్ ఇన్‌చార్జి అయ్యాక కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లకు ఒక పని పెట్టేవాణ్ని. నిరసన వార్త దేంట్లోనైనా ఈ క్రియలన్నీ కొట్టేసి ఇద్దరికీ "అన్నారు" అని పెట్టి, మళ్లీ పైనుంచి చదవమనేవాణ్ని. ఒక అమ్మాయి మినియాపొలిస్ కాపీ అలా చదివి, "సార్, ఇప్పుడు పోలీసుల మాటకు కూడా రుజువు అడగాలనిపిస్తోంది" అంది. సరిగ్గా అదే కావాలి. రుజువు ఇద్దరినీ అడగాలి.

హెడ్డింగుల్లో అయితే మనకు మంటల మాటలు అలవాటైపోయాయి. భగ్గుమన్న అమెరికా, అట్టుడికిన మినియాపొలిస్, రణరంగంగా మారిన నగరం, రగిలిన జాతి చిచ్చు. వీటిలో మనుషులుండరు. నగరం తనంతట తానే భగ్గుమంటుంది. పైగా హెడ్డింగ్‌లో "భగ్గుమన్న" అని పెట్టాక పక్కన దీపాలు పట్టుకుని కూర్చున్నవాళ్ల ఫొటో పెట్టలేం కదా, హెడ్డింగే ఫొటోను ఎంచేస్తుంది.

"జాతి ఉద్రిక్తతలు" అన్న మాట కూడా అలాంటిదే. రెండు వర్గాలు సమానంగా కయ్యానికి దిగినట్టు ధ్వనిస్తుంది. ఒక పోలీసు అధికారి చేసిన పని మీద ఊరు నిలదీస్తే అది ఉద్రిక్తత ఎలా అవుతుంది? అసోసియేటెడ్ ప్రెస్ 2019లోనే, జాతి వివక్ష అని చెప్పాల్సినచోట మెత్తటి మాటలు వాడి తప్పించుకోవద్దని తన విలేకరులకు చెప్పింది. ఇక మనం రేసిజాన్ని "జాత్యహంకారం" అని రాస్తాం. ఆ మాటలో అహంకారం ఉంది కాబట్టి అది ఒక మనిషి పొగరు, ఒక చెడ్డ అధికారి బుద్ధి అన్నట్టు వినిపిస్తుంది. ఫెర్గూసన్ చలాన్ల వెనక ఉన్నది ఒక్కరి అహంకారం కాదు, పట్టణ బడ్జెట్. అందుకే నేను చివరి ఏళ్లలో వీలైనంత వరకు "జాతి వివక్ష" అనే రాశాను.

అల్లర్లా, తిరుగుబాటా అన్న గొడవ కూడా చెప్పాలి. 1992 ఏప్రిల్ 29న రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని కొట్టిన పోలీసులను దోషులుగా తేల్చని తీర్పు వచ్చాక లాస్ ఏంజెలెస్‌లో జరిగినదాన్ని ఎక్కువ పత్రికలు అల్లర్లు అన్నాయి. నల్లజాతి ఉద్యమకారులు చాలామంది తిరుగుబాటు అంటారు. తమ దుకాణాలు తగలబడిన కొరియన్ అమెరికన్లు ఆ రెండూ అనరు, "సాయిగు" అంటారు. వాళ్ల భాషలో నాలుగు, రెండు, తొమ్మిది అని అర్థం, అంటే ఏప్రిల్ 29. 60 మందికి పైగా చనిపోయారు. టీవీల్లో అది నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ, నల్లవాళ్లకూ కొరియన్లకూ మధ్య గొడవగా నడిచింది. అరెస్టయినవాళ్లలో సుమారు సగం మంది లాటినోలన్న సంగతి ఆ కథలో ఎక్కడా ఇమడలేదు, అందుకే పెద్దగా కనపడలేదు. పేరు పెట్టడంలోనే కథలో ఎవరుండాలో, ఎవరుండకూడదో తేలిపోతుంది.

2020 సెప్టెంబరు చివర్లో అసోసియేటెడ్ ప్రెస్ ఈ పదాల మీద మళ్లీ మార్గదర్శకాలిచ్చింది. అల్లర్లు అంటే అదుపు లేని గందరగోళం అన్న అర్థం వస్తుంది కాబట్టి ఆలోచించి వాడండి, విధ్వంసం మీదే దృష్టి పెట్టి దాని వెనకున్న బాధను వదిలేయడం వల్ల గతంలో పెద్ద సంఖ్యలో జనం మీద మచ్చ పడింది అని దాని సారాంశం. దీన్ని కొందరు రాజకీయం అన్నారు. డెస్క్ మీద కూర్చున్నవాడిగా నాకు అది మామూలు వృత్తి జాగ్రత్తగానే కనిపించింది.

ఇప్పుడు ఫొటోల సంగతి. మీ అన్నయ్య మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది. 2020 మే 28 రాత్రి మినియాపొలిస్‌లో థర్డ్ ప్రీసింక్ట్ పోలీసు స్టేషన్‌ను తగలబెట్టారు. మనకు అది 29వ తేదీ ఉదయం. మధ్యాహ్నం దాటాక, అక్కడ తెల్లవారుజామున, సీఎన్ఎన్ విలేకరి ఒమర్ జిమెనెజ్‌ను లైవ్‌లో ఉండగానే పోలీసులు అరెస్టు చేశారు. అతను నల్లజాతివాడు. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతామని మర్యాదగా చెబుతూనే ఉన్నాడు, చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు.

ఆ సాయంత్రం 5 గంటలకు నేను సిస్టం ముందు కూర్చునేసరికి ఫొటో ఫీడ్‌లో వందల బొమ్మలున్నాయి. స్టేషన్ మంటల ముందు నల్లటి నీడలా చేతులెత్తిన ఒక మనిషి. జిమెనెజ్ బేడీలు. మంచినీళ్ల సీసాలు పంచుతున్న ఒక పెద్దావిడ. లేక్ స్ట్రీట్‌లో చీపుర్లు పట్టుకుని గాజుముక్కలు ఊడుస్తున్న కాలనీవాళ్లు. నా పక్క కుర్చీలోని పేజీ డిజైనర్ మంటల ఫొటో మీద వేలు పెట్టి, "కలర్ ఉంది, నాలుగు కాలమ్స్ లాగుతుంది" అన్నాడు. అతను అన్నది పేజీ అందం గురించే. నేను సరేనన్నాను. జిమెనెజ్ వార్త లోపల చిన్న బాక్స్ అయింది. చీపుర్లకు చోటు లేదు.

ఇందులో టైమ్ కూడా మా మీద పనిచేసింది. మా పేజీ అర్ధరాత్రి వెళ్లేసరికి మినియాపొలిస్‌లో మధ్యాహ్నం ఒకటిన్నర. వేలమంది ప్రశాంతంగా నడిచే సాయంత్రపు ఊరేగింపులు మొదలయ్యేసరికి మా పత్రిక కట్టలు వ్యాన్‌లో ఉంటాయి. అవి ముగిసి రాత్రి మంటలు లేచేసరికి మనకు తెల్లవారుతుంది. మళ్లీ సాయంత్రం డెస్క్‌కు వచ్చేసరికి తాజాగా ఉండేవి ఆ మంటల ఫొటోలే. ఇలా రోజూ పగటి నిరసన మా ఎడిషన్‌కు అందదు, రాత్రి విధ్వంసం అందుతుంది. కుట్ర ఎవరూ చేయలేదు. గడియారం చేసింది. మేం దాన్ని సరిచేసుకోలేదు, అది మా తప్పు.

మర్నాడు ఉదయం ఒకావిడ ఆఫీసుకు ఫోన్ చేశారు. కొడుకు మినియాపొలిస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడట. "బాబూ, ఊరంతా కాలిపోయిందా? వాడు ఏం కాలేదంటున్నాడు, నన్ను భయపెట్టకూడదని అబద్ధం చెబుతున్నాడా?" అని అడిగారు. రాత్రంతా నిద్రపోలేదని గొంతులోనే తెలుస్తోంది. ఆవిడకు ఆ ఊరి మ్యాప్ తెరిచి, మంటలున్నది ఏ వీధిలోనో, యూనివర్సిటీ ఎంత దూరమో ఫోన్‌లో చెప్పాను. ఆ మ్యాప్ నేను ముందురోజు పేజీలో వేసి ఉండాల్సింది. ఆ తర్వాత ఏ నగరం వార్త వచ్చినా చిన్న మ్యాప్ పెట్టించాను.

మీ అన్నయ్య అబద్ధం చెప్పడం లేదు. టీవీ కూడా లేని మంటలు చూపించలేదు. ఘటనల లెక్కలు తీసే ఎసిఎల్ఇడి అనే సంస్థ ఆ వేసవిలో, మే చివరి నుంచి ఆగస్టు 22 దాకా, ఈ ఉద్యమానికి సంబంధించి 2,440కి పైగా చోట్ల 7,750కి పైగా ప్రదర్శనలు నమోదు చేసింది. అందులో 93 శాతానికి పైగా ప్రశాంతంగా జరిగాయి. హింస జరిగినవి 220 కంటే తక్కువ చోట్ల. అదే సమయంలో బీమా చెల్లింపుల అంచనా 100 కోట్ల డాలర్లు దాటింది, కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు లెక్కలూ ఒకే వార్తలో ఉండాలి. ఒకటే ఉన్నచోట ఎవరో మీ తరఫున ఏరి పెట్టారని అర్థం.

ఇది రెండు వైపులా జరుగుతుందని కూడా నిజాయితీగా చెప్పాలి. 2020 ఆగస్టులో కెనోషాలో వాహనాలు తగలబడుతుంటే వాటి ముందు నిలబడి అదే జిమెనెజ్ రిపోర్ట్ చేస్తున్నాడు. తెర కింద పట్టీలో, పోలీసు కాల్పుల తర్వాత మంటలున్నా చాలావరకు శాంతియుతమే అన్న అర్థంలో సీఎన్ఎన్ ఒక మాట పెట్టింది. కళ్లెదుట మంట, కింద శాంతి. మొత్తం దేశం లెక్కలో అది నిజమే కావచ్చు. ఆ వీధిలో, ఆ రాత్రి, ఆ వాహనాల యజమానికి అది నిజం కాదు. ఒక స్థాయిలో ఉన్న నిజాన్ని తెచ్చి ఇంకో స్థాయిలో ఉన్న దృశ్యం మీద అతికించారు. దాంతో సంస్థ మీద నమ్మకం పోయింది, అంతకంటే ఎక్కువగా ప్రశాంతంగా నిరసన తెలిపినవాళ్ల మాట కూడా పలచనైంది.

ఆ జూన్‌లోనే ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ "భవనాలూ ముఖ్యమే" అన్న అర్థంలో, బ్లాక్ లైవ్స్ మ్యాటర్, అంటే నల్లజాతి ప్రాణాలు ముఖ్యమే అన్న ఉద్యమ నినాదాన్ని అనుకరిస్తూ హెడ్డింగ్ పెట్టింది. వ్యాసం రాసింది ఆ పత్రిక ఆర్కిటెక్చర్ విమర్శకురాలు, నగరం మధ్యలోని కట్టడాలు ఏమవుతాయోనన్న బాధతో. హెడ్డింగ్ మాత్రం ప్రాణాన్నీ ఇటుకనూ ఒకే తక్కెడలో పెట్టింది. పత్రిక క్షమాపణ చెప్పింది, ఎగ్జిక్యూటివ్ ఎడిటర్ రాజీనామా చేశారు. హెడ్డింగులు రాసేవాళ్లందరూ ఆ సంగతి చదవాలి. చమత్కారం కోసం చేసిన పని అది. మనకు ప్రాస మీద ఉన్న మోజు తెలిసిందే కదా.

తప్పుడు కథనం వల్ల నిజంగా ప్రాణాలు పోతాయా అంటే, పోతాయి. 1967 జులైలో డెట్రాయిట్‌లో 43 మంది చనిపోయారు. అప్పుడు పత్రికల నిండా స్నైపర్లు, అంటే మేడల మీద దాక్కుని కాల్చేవాళ్ల వార్తలే. తర్వాత అధ్యక్షుడు జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్ విచారిస్తే, స్నైపర్లన్న కాల్పుల్లో ఎక్కువ భాగం పోలీసులూ నేషనల్ గార్డులూ జరిపినవేనని తేలింది. ఒకరు కాలిస్తే ఆ చప్పుడుకు ఇంకొకరు స్నైపరనుకుని కాల్చారు. ఒక ఇంట్లో సిగరెట్ వెలిగించిన వెలుగును తుపాకీ మెరుపనుకుని గార్డులు మెషీన్‌గన్‌తో కాల్చారు, లోపల నాలుగేళ్ల పాప చనిపోయింది. ఆస్తినష్టం కూడా మొదట 50 కోట్ల డాలర్ల దాకా అని ప్రచారమైంది, తర్వాతి లెక్కల్లో అది 4 నుంచి 4.5 కోట్లకు దిగింది. మొదటి అంకె దేశమంతా తిరిగింది.

1968లో వచ్చిన కెర్నర్ నివేదికలో మీడియాకే ఒక అధ్యాయం ఉంది. మీ పేపర్‌కు మూలం అదే కావాలి. మీడియా మొత్తంగా సంచలనం కోసం పాకులాడిందని అది అనలేదు, చాలామంది సంయమనంతో రాశారనే ఒప్పుకుంది. దాని ఫిర్యాదు వేరు. అమెరికా పత్రికలు తెల్లవాళ్ల ప్రపంచంలో కూర్చుని, తెల్లవాళ్ల కళ్లతో బయటికి చూస్తున్నాయి, నల్లవాళ్ల రోజువారీ జీవితం వార్త కావడం లేదు అంది. అప్పట్లో వార్తా రంగంలో సంపాదక ఉద్యోగాల్లో నల్లజాతివారు 5 శాతం కూడా లేరు. మంచి సంగతీ ఒకటుంది. చనిపోయిన 43 మందిలో ఒక్కొక్కరూ ఎలా చనిపోయారో ఇల్లిల్లూ తిరిగి ఆరా తీసిన డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్‌కు 1968లో పులిట్జర్ వచ్చింది. గుంపు వార్తను మనిషి మనిషిగా విడదీస్తే ఏం బయటపడుతుందో చూడాలంటే దాన్ని మించిన ఉదాహరణ లేదు.

అన్ని నిరసనలనూ ఇలాగే చూస్తారా అని మీకు అనుమానం రావచ్చు. చూడరు. డానియెల్ కిల్గో, సమ్మర్ హార్లో అనే పరిశోధకులు 2017లో టెక్సాస్ పత్రికల్లో వచ్చిన నిరసన వార్తలను పోల్చారు. మహిళల ఊరేగింపుల్లాంటి వాటికి వాళ్ల డిమాండ్లేమిటో రాసే చోటు ఎక్కువ దొరికింది. నల్లజాతివారి మీద వివక్షకు వ్యతిరేకంగా, ఆదివాసుల హక్కుల కోసం జరిగినవాటికి గొడవ, అడ్డంకి అన్న కోణం ఎక్కువ దొరికింది.

పక్షపాతం కంటే పెద్ద తప్పు మౌనం. కెంటకీలోని లెక్సింగ్టన్ హెరాల్డ్ లీడర్ 2004 జులై 4న మొదటి పేజీలో ఒక సవరణ వేసింది. పౌరహక్కుల ఉద్యమాన్ని తాము కవర్ చేయకుండా వదిలేశామని, అందుకు విచారిస్తున్నామని. 40 ఏళ్ల తర్వాత. సొంత ఊళ్లో హోటళ్లలో జనం కూర్చుని నిరసన చేస్తుంటే, అది రాయకపోతే చల్లారిపోతుందని ఆనాటి పెద్దలు అనుకున్నారు. అలాంటిచోట ఫ్రేమింగ్‌ను, అంటే వార్తను ఏ కోణంలో బిగించారన్నదాన్ని, పట్టుకోవడానికి మీకు వాక్యం కూడా దొరకదు.

మీ పేపర్ కోసం ఒక్క సలహా. చానల్ ఏ పార్టీది అన్న దగ్గర మొదలుపెట్టకండి, అక్కడే ఆగిపోతారు. ఒకే రోజు, ఒకే ఘటన మీద నాలుగు తెలుగు పత్రికల కాపీ ముందు పెట్టుకోండి. మొదటి వాక్యంలో కాలం ఎక్కడ మొదలైందో, మొదట మాట్లాడింది ఎవరో, చనిపోయిన మనిషికి ఏ క్రియ వాడారో గీత గీయండి. నిరసనకారుల డిమాండ్ ఎన్నో పేరాలో వచ్చిందో లెక్కపెట్టండి, అసలు రాకపోతే అదీ రాసుకోండి. 2020 మే 30 సంచికలు తీసుకోమని నా సలహా, స్టేషన్ మంటలూ జిమెనెజ్ బేడీలూ రెండూ అందరికీ అందిన రోజు అది. దానికి జతగా 2021 ఏప్రిల్ 22వి చూడండి. ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టిన పోలీసు అధికారి డెరిక్ షావిన్‌ను జ్యూరీ దోషిగా తేల్చిన తీర్పు మనకు 21 తెల్లవారుజామున వచ్చింది కాబట్టి పూర్తి కవరేజీ మర్నాటి పేజీల్లోనే ఉంటుంది. ఆ రెండు రోజుల మధ్య క్రియలు ఎలా మారాయో చూస్తే మీకే తెలుస్తుంది. పట్టిక తయారయ్యాక ఇక్కడే పెట్టండి, కూర్చుని చూసి నాకు తోచింది చెబుతాను.